బీగిల్ కుక్కలతో కుందేళ్ళ వేట

వాసన పట్టే బీగిల్ జాతి కుక్కల సాయంతో కాలినడకన సాగించే వేటను బీగిల్ వేట అంటారు. ఇది ఇంగ్లాండులో రూపుదిద్దుకొని, 19వ శతాబ్దపు చివరి భాగంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్థిరపడినది. పెన్సిల్వేనియా, ఒహాయో, కెంటకీ, పశ్చిమ వర్జీనియా మొదలైన తూర్పు రాష్ట్రాలలోను, దక్షిణాది రాష్ట్రాలలోను ఇది ఎక్కువగా కనిపిస్తుంది. నక్క వేటకు కావలసినట్లు గుర్రాలు, పెద్ద ఎస్టేట్లు అవసరం లేనందున రైతులు, గని కార్మికులు, కర్మాగారాలలో పనిచేసేవారు దీనిని తమ వేటగా చేసుకున్నారు.

అమెరికాలో సాగే ఈ వేటలో కుక్క సాధారణంగా కుందేలును పట్టుకోదు. పరుగులో కుందేలుదే పైచేయి. జాడను విడువకుండా, గొంతెత్తి అరుస్తూ, కుందేలును కదిలిస్తూ ఉండడమే కుక్క పని. ఆ అరుపులను వినడమే ఇందులోని ప్రధానమైన ఆనందమని దీనిని అభిమానించేవారు చెబుతారు. తుపాకి లేకుండా కేవలం కుక్కల పరుగును వినడానికి వెళ్ళేవారు కూడా అనేకులు కలరు.

కుందేలులో రకాలు

తెలుగులో కుందేలు, చెవులపిల్లి అనే మాటలు రెండు రకాల జంతువులకూ వాడబడుతున్నాయి. ఆంగ్లంలో వీటిని రాబిట్ అనీ, హేర్ అనీ వేరుచేసి పిలుస్తారు. రాబిట్ పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్ళు తెరవకుండా పుడతాయి. హేర్ పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరచిన కళ్ళతో పుట్టి కొద్దిసేపటికే కదలగలుగుతాయి. భారతదేశపు పొలాలలో కనిపించే అడవి కుందేలు నిజానికి హేర్.

వేట విషయంలో ఈ తేడా చాలా ముఖ్యమైనది. ఐరోపా రాబిట్ నేలలో బొరియలు తవ్వుకొని గుంపుగా నివసిస్తుంది. కుక్క అలికిడి వినగానే బొరియలో దూరుతుంది. కాబట్టి దానిని ఎక్కువసేపు తరమడం సాధ్యం కాదు. ఇంగ్లాండులో బీగిల్ వేట ప్రధానంగా హేర్ వేటగా పెరగడానికి ఇదే కారణం. అమెరికాలోని కాటన్‌టెయిల్ రాబిట్ జాతికి చెందినదైనా బొరియ తవ్వదు. పొదల కింద గడ్డిని అణచి చేసుకున్న చిన్న పడకలో పగలంతా కదలకుండా కూర్చుంటుంది. తరిమినపుడు తనకు తెలిసిన కొద్దిపాటి చోటును విడిచి పోవడానికి ఇష్టపడదు. చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. అమెరికా వేట పద్ధతి అంతా ఈ ఒక్క అలవాటు మీద ఆధారపడి ఉన్నది. ఉత్తరపు అడవులలో, కెనడాలో చలికాలంలో తెల్లబడే స్నోషూ హేర్‌ను కూడా బీగిల్‌లతో వేటాడుతారు. దాని చుట్టు కాటన్‌టెయిల్ చుట్టు కంటే చాలా పెద్దది.

బీగిల్ జాతి

బీగిల్ పొట్టి కాళ్ళు, వేలాడే పొడవైన చెవులు గల చిన్న వేటకుక్క. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని భుజం ఎత్తును బట్టి రెండు తరగతులుగా విభజించినది. మొదటిది 13 అంగుళాలకు మించనిది. రెండవది 13 నుండి 15 అంగుళాల మధ్యది. తోక చివర తెల్లగా ఉండడం జాతి లక్షణం. ఇది అలంకారం మాత్రమే కాదు, ఎత్తైన గడ్డిలో కుక్క మునిగిపోయినపుడు అది ఎక్కడున్నదో తెలిపే గుర్తు కూడా.

బీగిల్ గొంతు మూడు విధాలుగా వినిపిస్తుంది: మామూలు మొరుగుడు, ఏడుపు వంటి దీర్ఘమైన అరుపు, వీటికి వేరుగా జాడ మీద మాత్రమే వచ్చే సాగదీసిన కూత. ఒకే యజమానివద్ద పెరిగిన నాలుగైదు కుక్కలలో ఏది ముందున్నదో, ఏది వెనుకబడినదో చూడకుండానే కూతను బట్టి అతడు చెప్పగలడు. జాడ లేకుండానే కూసే కుక్కను అబద్ధాలకోరుగా లెక్కిస్తారు. అందం ఎంత ఉన్నా వేటగాళ్ళు దానిని ఉంచుకోరు.

చరిత్ర

కుక్కల ముక్కును నమ్మి చెవులపిల్లిని వేటాడడం చాలా ప్రాచీనమైనది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనొఫోన్ వేటపై వ్రాసిన గ్రంథంలో వాసన పట్టే కుక్కలతో హేర్‌ను వలల వైపు తరిమే పద్ధతిని వివరించాడు. బీగిల్ అనే పేరు ఆంగ్లంలో 15వ శతాబ్దం నుండి కనిపిస్తున్నది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో చాలా చిన్న బీగిల్‌లను పెంచేవారు.

18వ శతాబ్దంలో నక్క వేట మోజు పెరగడంతో పెద్ద కుక్కలకు ఆదరణ హెచ్చి, బీగిల్‌లు తగ్గిపోయాయి. చిన్నకారు రైతుల ఇళ్ళలో మాత్రం మిగిలాయి. 1830వ దశకంలో ఎసెక్స్‌లో ఫిలిప్ హనీవుడ్ అనే మతాచార్యుడు పెంచిన గుంపు నేటి బీగిల్ జాతికి మూలమని భావిస్తారు. ఆ తరువాత విద్యాసంస్థలలో కూడా ఈ వేట ప్రవేశించినది. ఈటన్ కళాశాల గుంపు 1858లోను, కేంబ్రిడ్జిలో ట్రినిటీ గుంపు 1862లోను ఏర్పడ్డాయి. ఆకుపచ్చ కోటు, కొమ్ముబూర, కుక్కలను అదుపు చేసే సహాయకులు - ఇలా ఇంగ్లాండులో ఇది ఒక మర్యాదల తంతుగా మారినది.

అమెరికాలో దీని నడక వేరు. ఇల్లినాయి రాష్ట్రానికి చెందిన జనరల్ రిచర్డ్ రోవెట్ 1870వ దశకంలో ఇంగ్లాండు నుండి మేలైన బీగిల్‌లను తెప్పించి పెంచాడు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1885లో ఈ జాతిని నమోదు చేసినది. 1888లో నేషనల్ బీగిల్ క్లబ్ ఏర్పడినది. 1890లో మసాచుసెట్స్‌లోని హయానిస్‌లో మొదటి క్షేత్ర పోటీ జరిగినది. 1916లో ఈ క్లబ్ వర్జీనియాలోని ఆల్డీ వద్ద సుమారు 500 ఎకరాల భూమిని కొన్నది. అంతకుముందు 1850వ దశకంలో ఆ స్థలంలో వ్యవసాయ పాఠశాల నడిచేది. అందువలననే దానికి ఇన్‌స్టిట్యూట్ ఫార్మ్ అనే పేరు నిలిచినది.

వేట సాగే తీరు

ఆకు రాలిన తరువాత, సాధారణంగా నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ వేట జరుగుతుంది. తేదీలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. పెన్సిల్వేనియా, ఒహాయో రాష్ట్రాలలో ఒక వ్యక్తి రోజుకు 4 కాటన్‌టెయిల్‌లకు మించి కొట్టరాదు. నేల తడిగా, గాలి నిశ్చలంగా ఉన్న ఉదయం వాసన బాగా నిలుస్తుంది. ఎండి గట్టిపడిన నేల మీద, ఈదురుగాలిలో ఎంత మంచి కుక్కయినా తడబడుతుంది.

ముందుగా బీడు పొలాలలో, కంచెల వెంబడి పెరిగిన ముళ్ళపొదలలో, నరికి పోసిన కంపల గుట్టలలో కుక్కలను విడుస్తారు. వేటగాళ్ళు కూడా దళసరి బట్టతో కుట్టిన ప్యాంట్లు తొడుక్కొని పొదలను తొక్కుతారు. పడక మీది కుందేలు లేచినపుడు దానిని చూసినవారు "టాలీ-హో" అని కేక వేస్తారు. కుక్కలను ఆ చోటికి పిలిచి జాడ మీద పెడతారు. మొదటి కుక్క కూత మొదలు కాగానే మిగిలినవి దానిని చేరుకుంటాయి.

ఇక్కడ కొత్తవారు తరచుగా చేసే తప్పు కుక్కల వెంట పరుగెత్తడం. అనుభవజ్ఞులు కుందేలు లేచిన చోటికి దగ్గరగా, కాస్త ఎత్తైన చోట కదలకుండా నిలబడతారు. కూతలు దూరమై, సన్నబడి, ఒక్కోసారి పూర్తిగా వినిపించకుండా పోతాయి. ఆ తరువాత దిశ మారుతుంది. కూతలు ఒక పక్కకు ఒరిగి, మెల్లగా దగ్గరవుతాయి. కుందేలు కుక్కల కంటే బాగా ముందే వస్తుంది; తొందర లేకుండా చిన్న చిన్న గెంతులు వేస్తూ, మధ్యలో ఆగి వెనుకకు చెవులు తిప్పి వింటుంది. కుక్కలు ఇంకా దూరంగా ఉన్నాయని ఏమరుపాటుగా ఉన్న వేటగాడు దానిని చూడనే చూడడు.

వేటలోని అసలు పరీక్ష జాడ తప్పినపుడు వస్తుంది. కుందేలు వచ్చిన దారినే కొంత దూరం వెనుకకు నడచి, ఒక్కసారిగా పక్కకు గెంతుతుంది. వాగులో దిగుతుంది, పడిపోయిన మాను మీద నడుస్తుంది. అపుడు కూతలు టక్కున ఆగిపోతాయి. ఈ నిశ్శబ్దాన్ని చెక్ అంటారు. మంచి కుక్క జాడ తప్పిన చోటును విడువకుండా, చిన్న వలయాలుగా మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ వెదకుతుంది. తొందరపాటు కుక్క ముందుకు దూకి, ఉన్న జాడను కూడా తొక్కి పాడుచేస్తుంది. వేటగాళ్ళు తమ కుక్కల గురించి ఏళ్ళ తరబడి చెప్పుకునే కథలలో చాలావరకు ఇటువంటి నిశ్శబ్దాల తరువాత వచ్చిన తొలి కూతను గురించినవే.

కుక్కపిల్లలకు సుమారు 5, 6 నెలల వయసులో శిక్షణ మొదలవుతుంది. కుందేలును చూపించి తరిమించడం, అనుభవం గల కుక్కతో కలిపి విడవడం వాడుకలో ఉన్నాయి. జింకల వెంటపడకుండా మానిపించడం అన్నిటికంటే కష్టమైన పాఠం. జింక జాడ పట్టిన బీగిల్ మైళ్ళ దూరం పోయి తప్పిపోవచ్చు. అందుచేత ఇటీవలి కాలంలో కుక్క ఎక్కడున్నదో తెలిపే జీపీఎస్ పట్టీలను మెడకు కడుతున్నారు.

తుపాకిని కుక్కలు ఉన్న దిశలోకి, నేలబారుగా పేల్చరాదన్నది అందరూ పాటించే నియమం. దూరం నుండి కనబడే నారింజ రంగు టోపీని చాలా రాష్ట్రాలు తప్పనిసరి చేశాయి.

పోటీలు, వాటిపై వివాదం

క్షేత్ర పోటీలలో కుందేలును చంపరు. జాడను ఎంత నిక్కచ్చిగా అనుసరించినదో చూసి కుక్కలకు మార్కులు ఇస్తారు. జంటగా పరుగెత్తించేవి, చిన్న గుంపుగా పరుగెత్తించేవి, హేర్‌పై పెద్ద గుంపుగా పరుగెత్తించేవి అని పోటీలలో రకాలున్నాయి. జంట పోటీలలో న్యాయనిర్ణేతలు తప్పు లేని పనికే పెద్దపీట వేయడంతో, పెంపకందారులు తరతరాలుగా నిదానమైన కుక్కలనే ఎంచుకుంటూ వచ్చారు. చివరకు అడుగడుగునా నేలను వాసన చూస్తూ నడిచే కుక్కలు తయారై, అవి తుపాకి వేటకు పనికిరావని విమర్శ వచ్చినది. చిన్న గుంపు పోటీలకు ఆదరణ పెరగడానికి ఈ అసంతృప్తి ఒక కారణం. వేటకు పనికివచ్చే గుణాలను కొలవడానికి పెట్టిన పోటీయే ఆ గుణాలను మార్చివేయడం ఇక్కడ గమనించదగినది.

తరుగుతున్న పొదలు

కాటన్‌టెయిల్ ఆయువు తక్కువ. ఎక్కువ భాగం ఏడాది కూడా బ్రతకవు. ఆడ కుందేలు సుమారు 28 రోజుల గర్భంతో ఏడాదికి అనేక ఈతలు ఈనుతుంది. అందువలన తుపాకి కంటే నివాసమే వాటి సంఖ్యను ఎక్కువగా నిర్ణయిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చిన్న కమతాలు కలిసిపోయి, కంచెల వెంబడి పొదలు కొట్టివేయబడి, గట్టు నుండి గట్టు వరకు దున్నే సేద్యం వచ్చినది. మరోవైపు విడిచిపెట్టిన బీడులు క్రమంగా ముదురు అడవులుగా మారాయి. దట్టమైన నీడలో ముళ్ళపొదలు పెరగవు. ఈ రెండు మార్పుల మధ్య కుందేలుకు కావలసిన చిట్టడవి కరిగిపోయినది. 1985 నాటి వ్యవసాయ చట్టం ద్వారా వచ్చిన భూ పరిరక్షణ పథకం కొంత సాగు భూమిని తిరిగి గడ్డికి వదిలించినది.

ఈశాన్య రాష్ట్రాలకు మాత్రమే పరిమితమైన న్యూ ఇంగ్లాండ్ కాటన్‌టెయిల్ కథ ఇంకా క్లిష్టమైనది. 1960 నుండి దాని ఉనికి గల ప్రాంతం 86 శాతం తగ్గినదని ప్రభుత్వ వన్యప్రాణి విభాగం ప్రకటించినది. పొదలు తగ్గడంతోపాటు, 20వ శతాబ్దపు మొదటి భాగంలో వేట క్లబ్బులు, రాష్ట్ర శాఖలు ఇతర ప్రాంతాల నుండి తెచ్చి వదిలిన తూర్పు కాటన్‌టెయిల్ దానికి పోటీ అయినది. అంటే వేటను పెంచాలని చేసిన పనే స్థానిక జాతికి చేటు చేసినది. ప్రభుత్వం, భూయజమానులు కలిసి పొదలను పునరుద్ధరించిన మీదట, 2015లో దీనిని అంతరించే ప్రమాదం గల జాతుల జాబితాలో చేర్చనవసరం లేదని నిర్ణయించారు.

ఆరోగ్యం, వంట

కుందేళ్ళ నుండి మనుషులకు టులరీమియా అనే జ్వరం సోకవచ్చు. కాలిఫోర్నియాలోని టులారి జిల్లా పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చినది. చర్మం ఒలిచేటపుడు చేతి తొడుగులు వేసుకోవాలని, మాంసాన్ని బాగా ఉడికించాలని సలహా ఇస్తారు. మంచు గట్టిగా పడిన తరువాతే వేటకు వెళ్ళాలనే పాత ఆచారం కూడా ఈ భయం నుండి వచ్చినదే. 2020లో కుందేళ్ళకు ప్రాణాంతకమైన మరొక వైరస్ వ్యాధి అమెరికా నైరుతి రాష్ట్రాలలోని అడవి కుందేళ్ళకు సోకినది. ఇది మనుషులకు సోకదు. దక్షిణాదిలో కుందేలు మాంసాన్ని పిండిలో పొర్లించి వేయించి, గ్రేవీతో తింటారు. జర్మన్ సంతతివారు పులుపు, మిరియాలు వేసి వండే కూరను హాసెన్‌ప్‌ఫెఫర్ అంటారు.

విమర్శ, చట్టాలు

వినోదం కోసం జంతువును తరిమి భయపెట్టడం క్రూరమని జంతు సంక్షేమవాదులు వాదిస్తారు. బ్రిటనులో 1924లో ఏర్పడిన క్రూర క్రీడల వ్యతిరేక సంఘం దీనిపై దీర్ఘకాలం పోరాడినది. అక్కడి పద్ధతిలో తుపాకి ఉండదు. అలసిన హేర్‌ను చివరకు కుక్కలే చంపేవి. అందువలన ఆ అభ్యంతరానికి అక్కడ బలం ఎక్కువ. 2004లో ఆమోదం పొంది 2005 ఫిబ్రవరి 18 నుండి అమలులోకి వచ్చిన వేట చట్టం ఇంగ్లాండు, వేల్సులలో కుక్కలతో హేర్‌ను వేటాడడాన్ని నిషేధించినది. భూయజమాని అనుమతి ఉంటే రాబిట్‌ను కుక్కలతో వేటాడడానికి మాత్రం మినహాయింపు ఇచ్చినది. బీగిల్ గుంపులు కొన్ని రాబిట్ వేటకు, మరికొన్ని ముందుగా పరచిన వాసన జాడను అనుసరించే పద్ధతికి మారాయి. ఈ రెండవ పద్ధతిని నక్క వేట గుంపులు కూడా అవలంబించాయి. దాని ముసుగులో అసలు వేట సాగుతున్నదనే ఆరోపణల నడుమ, దానిని కూడా నిషేధిస్తామని 2024 ఎన్నికల ప్రణాళికలో లేబర్ పార్టీ హామీ ఇచ్చినది.

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలును వేటాడడం నేరం. హైదరాబాదు వంటి నగరాలలో బీగిల్‌లను ఇంటి పెంపుడు కుక్కలుగానే పెంచుతున్నారు. నడకకు తీసుకువెళ్ళినపుడు అవి తల ఎత్తకుండా నేలను వాసన చూస్తూ, పిలిచినా వినకుండా లాగుకుపోవడం, ఇంట్లో ఒంటరిగా ఉన్నపుడు దీర్ఘంగా అరవడం పై వేట కోసం పెంచిన గుణాలే.