అంగుళం ఖాళీ: ట్రాక్టర్ క్లచ్ లింకేజీ, దాని మరమ్మతు పనితనం

ఇంజను బిగ్గరగా అరుస్తున్నా నాగలి ముందుకు కదలని ట్రాక్టరు మరమ్మతుకు వచ్చినప్పుడు, అనుభవం గల మెకానిక్ దృష్టి ముందుగా పెడల్ కింద ఉన్న కడ్డీల మీదికి పోతుంది. పాదం నొక్కిన బలాన్ని క్లచ్ దాకా చేరవేసే ఈ కడ్డీలు, పిన్నులు, ఫోర్కులు, అడ్డషాఫ్టు, దానికి బిగించిన చేయి, ఇవన్నీ కలిసిన అమరికకు క్లచ్ లింకేజీ అని పేరు. ఇంజను తిప్పే ఫ్లైవీల్‌ను, గేరుబాక్సుకు కదలికనిచ్చే ప్లేటును కలపడం, విడదీయడం క్లచ్ పని కాగా, ఆ పనిని మనిషి అదుపులో ఉంచేది లింకేజీ. పరీక్షను అక్కడి నుంచే మొదలుపెట్టే అలవాటు వెనుక నూరేళ్లకు పైబడిన ఒక రూపకల్పన నిర్ణయం ఉంది.

తొలి మోటారు వాహనాలలో క్లచ్ శంకువు ఆకారంలో ఉండేది, దాని ఒంటికి తోలు తొడిగేవారు. తోలు ఎండి గట్టిపడితే క్లచ్ ఒక్కసారిగా పట్టి బండి కుదుపుకు గురయ్యేది, జిడ్డు ఎక్కువైతే జారేది. అందుచేత ఎండినప్పుడు ఆముదమో పశువుల కాళ్ల నుంచి తీసిన నూనెనో పట్టించడం, జారినప్పుడు జిడ్డును పీల్చే ఫుల్లర్స్ ఎర్త్ అనే మెత్తని మట్టిని చల్లడం ఆనాటి డ్రైవర్ల నిత్యకృత్యంగా ఉండేది. ఇరుసు మీద బండి చక్రం తేలిగ్గా తిరగడానికి ఆముదపు కందెన పెట్టిన తెలుగు రైతుకు, అదే ఆముదం మరో చోట పట్టు సరిచేయడానికి వాడారన్న సంగతి ఆసక్తి కలిగించక మానదు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బ్రేకు లైనింగుల మీద ప్రయోగాలు మొదలుపెట్టి, తరువాత ఫెరోడో పేరిట వాటి తయారీ సాగించిన నాటి నుంచి తోలు స్థానంలోకి నేత లైనింగులు, అటుపై ఆస్బెస్టాస్ నార కలిసిన లైనింగులు వచ్చాయి. వేడిని తట్టుకోవడంలో ఆస్బెస్టాస్‌కు సాటి లేకపోయినా, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని ఆ తరువాత రుజువైంది. పాత క్లచ్ హౌసింగును విప్పి, లోపలి దుమ్మును గాలి గొట్టంతో ఊదే అలవాటు ఎన్నో తరాల పనివారిని ఆ ముప్పులోకి నెట్టింది. ఈ వృత్తి చరిత్రలో అత్యంత బాధాకరమైన భాగం ఇదే.

1917 అక్టోబరులో అమెరికాలోని డియర్‌బోర్న్‌లో భారీ స్థాయి తయారీ మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు మరమ్మతు పని స్వరూపాన్నే మార్చివేసింది. అంతకుముందటి ట్రాక్టర్లలో చాలావాటికి ఉక్కు చట్రం ఉండేది. ఇంజను, క్లచ్, గేరుబాక్సు దాని మీద విడివిడిగా కూర్చొని ఉండడం వల్ల ఒకదానిని కదపకుండా మరొకదానిని చేరుకోవడం చాలావరకు సాధ్యమయ్యేది. హంగరీలో పుట్టిన ఇంజనీరు యూజిన్ ఫర్కాస్, ఆయన సహచరులు ఫోర్డ్‌సన్‌లో ఆ చట్రాన్నే తీసివేసి, ఇంజను దిమ్మె, గేరుబాక్సు, వెనుక ఇరుసు పోత ఇనుప భాగాలను వరుసగా ఒకదానికొకటి బిగించి వాటినే ట్రాక్టరుకు వెన్నెముకగా చేశారు. ధర తగ్గింది, బరువు తగ్గింది, తయారీ వేగం పెరిగింది. కానీ క్లచ్ సరిగ్గా ఆ అతుకు దగ్గర, పోత ఇనుప గోడల మధ్య మరుగున పడింది. దానిని మార్చాలంటే ట్రాక్టరును నడుము దగ్గర రెండుగా విడదీసి, ముందు భాగానికి, వెనుక భాగానికి వేరువేరుగా ఆనికలు పెట్టి, ఒక దానిని జాగ్రత్తగా వెనక్కు జరపవలసి వచ్చింది. ఈ పద్ధతినే తరువాతి ట్రాక్టర్లలో అధిక భాగం అనుసరించడంతో మరమ్మతు పని బయటి పని, లోపలి పని అని రెండుగా చీలింది. లోపలి పని రోజుల తరబడి సాగేదీ ఖర్చుతో కూడినదీ కాబట్టి బయట కనిపించే లింకేజీని కూలంకషంగా పరీక్షించకుండా లోపలికి పోకూడదన్న నియమం పనిలోంచే పుట్టింది. 1923లో వచ్చిన జాన్ డీర్ మోడల్ డి వంటి రెండు సిలిండర్ల ట్రాక్టర్లు మాత్రం క్లచ్‌ను పక్కనున్న బెల్టు పుల్లీలోనే ఉంచి, చేతి లివరుతో నడిపించి, యంత్రాన్ని విడదీసే అవసరం లేకుండా చాలాకాలం వేరు దారిలో సాగాయి.

హారీ ఫెర్గూసన్ పేరుతో 1946 నుంచి 1956 వరకు కోవెంట్రీలోని బ్యానర్ లేన్‌లో తయారై అయిదు లక్షల సంఖ్యను దాటిన టీఈ20 ట్రాక్టరులో మరో చిక్కు బయటపడింది. వెనుక తగిలించిన పనిముట్టుకు ఇంజను బలాన్ని అందించే షాఫ్టును పీటీవో అంటారు; టీఈ20లో క్లచ్ నొక్కితే చక్రాలతో పాటు పీటీవో కూడా ఆగిపోయేది. కెనడాకు చెందిన కాక్‌షట్ 30 ట్రాక్టరు 1946లోనే పీటీవోను చక్రాల నుంచి వేరు చేసి చూపింది. మాసీ ఫెర్గూసన్ 35 కాలానికి ఒకే పెడల్‌తో నడిచే జంట క్లచ్ ప్రాచుర్యంలోకి వచ్చింది. పెడల్ సగం దాకా నొక్కితే చక్రాలు, పూర్తిగా నొక్కితే పీటీవో ఆగే ఈ ఏర్పాటులో లింకేజీ ఒకే కదలికలో రెండు పనులు చేయవలసి రావడంతో, సర్దుబాటులో చిన్న పొరపాటు కూడా రెండు చోట్ల లోపంగా బయటపడింది. 1960లో మద్రాసులో నెలకొన్న టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల తయారీ చేపట్టడంతో ఈ వంశం నేరుగా దక్షిణ భారత పొలాలలోకి వచ్చింది. దానికి ఏడాది ముందు, 1959లో, ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు దేశీయ తయారీకి నాంది పలికింది.

చిన్న ట్రాక్టరు, అంటే నేడు కాంపాక్ట్ ట్రాక్టరుగా వ్యవహరించేది, వరి మడులలో పెరిగింది. 1933లో యాన్మార్ సంస్థ చిన్న డీజిల్ ఇంజనును వాడుకకు అనువుగా మలచింది. 1960లో కుబోటా 15 హార్స్‌పవర్ ట్రాక్టరును జపాను పొలాలకు అందించింది. ఇరుకైన మడిలో పదే పదే ఆగి, తిరిగి, వెనక్కు వచ్చే ఈ యంత్రాల క్లచ్ పెడల్‌పై పాదం పడే సార్లు, పొడవాటి చాళ్లలో తిరిగే పెద్ద ట్రాక్టరుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తరువాత ఇవే యంత్రాలు అమెరికా తోటలకు, ఇళ్ల ఆవరణలకు చేరాయి. యాన్మార్ తయారు చేసిన చిన్న ట్రాక్టర్లను 1970ల చివర జాన్ డీర్ తన పేరుతో అమ్మసాగింది. బెంగళూరుకు చెందిన వీఎస్‌టీ సంస్థ మిత్సుబిషి సాంకేతికతతో తెచ్చిన శక్తి చిన్న ట్రాక్టర్లు ఈ పరంపరలోవే.

ఈ యంత్రాలన్నిటి లింకేజీలోనూ కీలకమైనది ఒక ఖాళీ. పెడల్ నొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి, ప్రెషర్ ప్లేటుకు ఉన్న ఫింగర్లను నొక్కి, స్ప్రింగుల పట్టు నుంచి క్లచ్ ప్లేటును విడిపిస్తుంది. పెడల్ వదిలినప్పుడు బేరింగ్ ఆ ఫింగర్లకు తగలకుండా దూరంగా నిలవాలి. ఆ దూరం పాదం దగ్గర పెడల్ ఆటగా, మెకానిక్‌ల మాటలో ఫ్రీ ప్లేగా, అనేక చిన్న ట్రాక్టర్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్లుగా, ఇంచుమించు అంగుళంగా తెలుస్తుంది. ఖాళీ పోతే బేరింగ్ ఎప్పుడూ ఫింగర్ల మీద ఆని, స్ప్రింగుల పట్టు సడలి, ప్లేటు జారి మాడుతుంది. ఖాళీ మరీ పెరిగితే క్లచ్ పూర్తిగా విడవక గేర్లు కరకరలాడతాయి. ప్లేటు అరిగే కొద్దీ ఫింగర్లు బేరింగ్ వైపు జరగడం వల్ల ఈ ఆట తగ్గుతుంది. పిన్నులు, బుష్‌లు అరిగితే మాత్రం పెరుగుతుంది. ఈ రెండు అరుగుదలలూ ఒకదానినొకటి కప్పిపుచ్చుకోగలవన్నది పాఠ్యగ్రంథాలు ఇంకా గట్టిగా చెప్పవలసిన విషయం. పాదానికి అంగుళం ఆట సరిగ్గానే తగిలినా, అదంతా అరిగిన పిన్నుల వదులే కావచ్చు, బేరింగ్ అప్పటికే ఫింగర్లను రాసుకుంటూ ఉండవచ్చు. అందువల్ల కొలతకు ముందే పిన్నులు తీసి చూడడం, కోడిగుడ్డు ఆకారంలోకి సాగిన రంధ్రాన్ని వెల్డింగుతో నింపి మళ్లీ బెజ్జం వేయడం లేదా బుష్ కొట్టడం, ఆ తరువాతే కడ్డీ కొస నట్టు తిప్పి ఆటను సరిచేసి లాక్ నట్టు బిగించడం సరైన వరుసగా స్థిరపడింది.

లింకేజీయే జారడం ఇందుకు భిన్నమైన లోపం. అడ్డషాఫ్టు మీద చేయిని నిలిపే బోల్టు వదులైనా, పళ్లు అరిగినా, అర్ధచంద్రాకారంలో ఉండే వుడ్‌రఫ్ కీ తెగినా, చేయి షాఫ్టు మీద కొద్దిగా తిరిగిపోయి, ఎంత సర్దినా సర్దుబాటు నిలవదు. చేయిని షాఫ్టుకు శాశ్వతంగా వెల్డింగు చేసే తొందరపాటు పద్ధతి చాలా చోట్ల కనిపిస్తుంది గాని, తరువాత షాఫ్టును హౌసింగు నుంచి బయటకు తీసే వీలును అది పోగొడుతుంది. కొత్త కీ, కొత్త బోల్టు వేయడమే గౌరవప్రదమైన పని.

తెలుగు డెల్టాలలో దమ్ము పని, అంటే నీరు పెట్టిన పొలాన్ని బురదగా కలిపే పని, ఈ యంత్రాలకు అన్నిటికంటే కఠినమైన పరీక్ష. రైతులు కేజీవీల్స్ అని పిలిచే ఇనుప చక్రాలు చల్లే బురద పిన్నుల సందుల్లో చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. బరువు తట్టుకోవడానికి పెడల్‌ను సగం నొక్కి ఉంచే అలవాటు ప్లేటును మాడుస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటివి పుట్టినా, ఈ విద్యలో అధిక భాగం నేటికీ విజయవాడ ఆటోనగర్ మొదలు మండల కేంద్రాల షెడ్ల దాకా గురువు చేతి నుంచి శిష్యుడి చేతికే చేరుతోంది. క్లచ్ హౌసింగు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలికి కారిన నూనె బయటకు పోయి ప్లేటు పొడిగా ఉండడానికి దానిని తెరిచి ఉంచుతారు, పాత ట్రాక్టర్లలో అది పూడిపోకుండా అందులో ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతూ ఉండేది. దమ్ముకు దిగే ముందు ఆ రంధ్రాన్ని ప్లగ్గుతో మూసి, దమ్ము ముగిశాక ప్లగ్గు తీసి లోపల చేరిన నీటిని వదిలి, అదే పూట పెడల్ ఆటను మరోసారి కొలుస్తారు.