ఫోర్ట్ రాబిన్సన్

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రపు వాయవ్య మూలలో, వైట్ నది లోయలో ఉన్న పాత అశ్విక దళ స్థావరం. 1874 నుంచి 1948 వరకు సైన్యం అధీనంలో ఉంది. ఇప్పుడు క్రాఫోర్డ్ పట్టణానికి పడమట, 22 వేల ఎకరాలకు మించిన రాష్ట్ర ఉద్యానవనంలో భాగం. పేరుకు కోటే గాని దీనికి ప్రహరీ లేదు, బురుజులు లేవు. కవాతు మైదానం, దాని చుట్టూ బ్యారక్‌లు, అధికారుల ఇళ్లు, గుర్రపు సాలలు, అంతే. ముట్టడి అన్నది ఇది ఎన్నడూ ఎరగదు. చరిత్రలో దీని పేరు నిలబడడానికి కారణమైన రెండు ఘటనల్లోనూ చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే సైన్యం చేతికి చిక్కినవాళ్లు.

1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం లకోటా ఆదివాసులకు ప్రభుత్వం పిండి, మాంసం, దుస్తులు పంచాలి. వారిలో ఓగ్లాలా శాఖ నాయకుడు రెడ్ క్లౌడ్ పేరిట నడిచిన పంపిణీ కేంద్రాన్ని (ఏజెన్సీని) 1873లో వైట్ నది ఒడ్డుకు మార్చారు. చలికాలంలో ఉత్తరాది గుంపులు కూడా రేషన్ కోసం అక్కడికి చేరడంతో ఏజెంటుకు అదుపు తప్పింది. 1874 ఫిబ్రవరి 9న కేంద్రం గుమాస్తా ఫ్రాంక్ ఆపిల్టన్‌ను కాల్చి చంపారు. అదే రోజు లారమీ శిఖరం దగ్గర కలప బళ్లకు కాపలాగా వెళ్లిన లెఫ్టినెంట్ లీవై రాబిన్సన్ కూడా హతమయ్యాడు. మార్చిలో ఫోర్ట్ లారమీ నుంచి వచ్చిన దళాలు గుడారాలు వేసి ఆ శిబిరానికి అతని పేరు పెట్టాయి. మే నెలలో దాన్ని ఏజెన్సీకి రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరానికి, ఇప్పుడున్న చోటికి మార్చారు. 1878 నుంచి 'ఫోర్ట్' హోదా వచ్చింది.

శిబిరం వెలసిన ఏడాదే బ్లాక్ హిల్స్‌లో బంగారం బయటపడింది. ఆ కొండలు ఒప్పందం ప్రకారం లకోటాలవి. అమ్మమని 1875లో అడిగితే వారు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది.

క్రేజీ హార్స్

ఆ యుద్ధంలో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని తుడిచిపెట్టినవారిలో ప్రముఖుడైన క్రేజీ హార్స్, దాదాపు 900 మంది అనుచరులతో 1877 మే 6న ఇక్కడికి వచ్చి ఆయుధాలు అప్పగించాడు. నాలుగు నెలలు తిరగకముందే మళ్లీ తిరుగుబాటుకు సిద్ధమవుతున్నాడని పుకార్లు లేచాయి. వాటిలో సాటి లకోటాల అసూయ పాలూ ఉంది. సెప్టెంబరు 5న అతన్ని స్పాటెడ్ టెయిల్ ఏజెన్సీ నుంచి వెనక్కి తీసుకొచ్చారు. అధికారితో మాట్లాడవచ్చన్న భరోసాతో వచ్చినవాణ్ణి నేరుగా కాపలా గదికి నడిపించారు. లోపలి కటకటాలు కంటబడగానే అతను ఒక్క ఉదుటున వెనక్కి తిరిగాడు. ఒకప్పటి సహచరుడు లిటిల్ బిగ్ మ్యాన్ చేతులు పట్టుకున్నాడు. పెనుగులాటలో కావలివాడి బాయొనెట్ పక్కలో దిగింది. పక్కనున్న అడ్జుటెంట్ కార్యాలయంలోకి తీసుకెళ్లి మంచం చూపితే వద్దని నేల మీదే పడుకున్నాడు. డాక్టర్ మెక్‌గిలికడ్డి మార్ఫిన్ ఇచ్చాడు. తండ్రి, మిత్రుడు టచ్ ది క్లౌడ్స్ దగ్గరుండగా అర్ధరాత్రి కాకముందే ప్రాణం పోయింది.

షయెన్‌ల పలాయనం

మాంటానా, వయోమింగ్ మైదానాల్లో తిరిగిన ఉత్తర షయెన్ తెగవారిని 1877లో ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. అక్కడి మలేరియా, అరకొర తిండి భరించలేక 1878 సెప్టెంబరులో దాదాపు 350 మంది స్వస్థలం దారి పట్టారు. నెబ్రాస్కాలో రెండు గుంపులుగా చీలారు. నాయకుడు డల్ నైఫ్ వెంట ఉన్న 149 మంది అక్టోబరులో సైన్యానికి చిక్కారు. స్త్రీలు, పిల్లలే ఎక్కువ. వారిని ఒక ఖాళీ బ్యారక్‌లో ఉంచారు. మొదట్లో కాపలా వదులుగానే ఉండేది. తిరిగి దక్షిణానికి పొమ్మని పైనుంచి ఆదేశం వచ్చేసరికి, చావనైనా చస్తాం గాని వెళ్లమన్నారు. కెప్టెన్ హెన్రీ వెసెల్స్ జనవరి చలిలో తిండి, కట్టెలు ఆపించాడు, తర్వాత నీళ్లు కూడా. లోపలున్నవాళ్లు కిటికీలకు పట్టిన మంచును గీకి గొంతు తడుపుకున్నారు.

లొంగిపోయే ముందే కొన్ని తుపాకులను విప్పదీసి దాచుకున్నారు. పెద్ద ముక్కలు దుస్తుల కింద, ఆ తర్వాత నేల పలకల అడుగున. చిన్న భాగాలు పిల్లల ఒంటి మీద నగల్లా వేలాడాయని చెబుతారు. 1879 జనవరి 9 రాత్రి కిటికీల్లోంచి దూకారు. వెన్నెల, నేలంతా మంచు. మగవాళ్లు కొందరు వెనకబడి కాల్పులకు ఎదురు నిలవగా మిగతావాళ్లు నది దాటి కొండగట్ల వైపు పరుగెత్తారు. వేట దాదాపు రెండు వారాలు సాగి జనవరి 22న యాంటిలోప్ వాగు దగ్గర ముగిసింది. మొత్తం మీద 64 మంది షయెన్‌లు, 11 మంది సైనికులు మరణించారు. డల్ నైఫ్ కుటుంబంతో తప్పించుకుని లకోటాల పైన్ రిడ్జ్ ఏజెన్సీకి చేరాడు. మృతుల్లో కొందరి పుర్రెలను పరిశోధన పేరిట సైనిక వైద్య మ్యూజియానికి పంపారు. వంద సంవత్సరాలు దాటాక, 1993లో గాని అవి సొంతవాళ్లకు దక్కలేదు. మాంటానాలోని బస్బీలో వాటిని ఖననం చేశారు. ఏటా జనవరిలో షయెన్ యువకులు ఈ బ్యారక్ దగ్గర మొదలుపెట్టి బస్బీ దాకా దాదాపు 640 కిలోమీటర్లు వంతులవారీగా పరుగెడతారు.

గుర్రాలు, కుక్కలు, పశువులు

1885లో నల్లజాతి సైనికుల తొమ్మిదో అశ్విక దళం వచ్చి 1898 వరకు ఉంది. 'బఫెలో సోల్జర్స్' అని పేరుపడిన దళాల్లో ఇదొకటి. 1886లో ఇక్కడికి రైలు వచ్చింది. దాంతో రైలుకు దూరమైన ఫోర్ట్ లారమీని 1890లో మూసేయగా, ఇది మరింత విస్తరించింది. మట్టి ఇటుకలతో కొత్త ఇళ్లు లేచాయి. దళంలో సిపాయిలంతా నల్లవారే అయినా అధికారులు దాదాపు అందరూ తెల్లవారే. రెగ్యులర్ సైన్యంలో తొలి నల్లజాతి చాప్లిన్ (మతబోధకుడు) హెన్రీ ప్లమర్‌ను ఇక్కడున్నప్పుడే, 1894లో కొలువు నుంచి తొలగించారు. 1890 డిసెంబరులో లకోటాలపై జరిగిన ఉండెడ్ నీ మారణకాండ మరునాడు ఏడో అశ్విక దళం చిక్కుల్లో పడితే విడిపించింది తొమ్మిదో దళమే. అప్పటి సాహసానికి కార్పొరల్ విలియం విల్సన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది. బానిసత్వం నుంచి బయటపడ్డ తరం మరో జాతిని అదుపు చేసే కొలువులో కుదరడం ఆనాటి అమెరికాలో వింతేమీ కాదు.

పశ్చిమ వలసల సరిహద్దు కనుమరుగయ్యాక మిగిలింది పచ్చిక. దాన్ని నమ్ముకుని 1919లో సైన్యం ఇక్కడ రీమౌంట్ డిపో పెట్టింది: కొత్త గుర్రాలను కొనడం, మచ్చిక చేయడం, దళాలకు పంపడం దాని పని. మేలుజాతి మగ గుర్రాలను చుట్టుపక్కల రైతులకు ఇచ్చి సంతతిని మెరుగుపరిచేవారు. 1930ల్లో సైన్యపు ఒలింపిక్ గుర్రపు స్వారీ జట్టు ఇక్కడ సాధన చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో గుర్రం పని ట్రక్కు తీసుకుంది. సాలలున్న చోటే కుటుంబాలు విరాళంగా ఇచ్చిన పెంపుడు కుక్కలకు కావలి విద్య నేర్పారు. 1943 నుంచి జర్మన్ యుద్ధఖైదీల శిబిరమూ నడిచింది.

1948లో స్థావరం వ్యవసాయ శాఖకు దక్కి 1971 దాకా గొడ్డు మాంసపు పశువుల పరిశోధన కేంద్రంగా ఉంది. ఆ శాఖ పాత కట్టడాలను కూలగొట్టడం మొదలుపెడితే స్థానికులు అడ్డుకున్నారు. 1956లో మ్యూజియం తెరిచారు, 1960లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు వచ్చింది. కాపలా గది, అడ్జుటెంట్ కార్యాలయం, షయెన్‌లను బంధించిన బ్యారక్‌గా ఇప్పుడు కనిపించేవి పునర్నిర్మాణాలు. ఆ బ్యారక్‌ను 2003లో తిరిగి కట్టారు. 1887 నాటి మట్టి ఇటుకల ఇళ్లు మాత్రం అసలువే. వేసవిలో వాటిని సందర్శకులకు బసగా అద్దెకిస్తారు.