సివిల్స్ రాజనీతిశాస్త్రం: సిలబస్‌లో దళిత దృక్పథం

యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు ఆప్షనల్‌కు రెండు పేపర్లు. ఒక్కో పేపర్‌కు 250 మార్కులు. తెలుగులోనూ రాయవచ్చు.

మొదటి పేపర్‌లో భారత రాజకీయ చింతన కింద ధర్మశాస్త్రం, అర్థశాస్త్రం, బౌద్ధ సంప్రదాయాలతో పాటు గాంధీ, అంబేడ్కర్, ఎం.ఎన్. రాయ్ ఉన్నారు. ఫూలే, పెరియార్ పేర్లు లేవు. అయితే జాతీయోద్యమంపై దళిత దృక్పథం, రాజకీయాల్లో కులం అదే పేపర్‌లోని అంశాలు. వారిద్దరినీ అక్కడ ప్రస్తావించవచ్చు.

అంబేడ్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా మాత్రమే రాస్తే జవాబు సగమే. 1932 పూనా ఒప్పందం, 1936 నాటి ‘కులనిర్మూలన’, సాగుభూమి రాజ్యం చేతిలో ఉండాలన్న 1947 నాటి ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ కలిపి చదవాలి. సామాజిక, ఆర్థిక సమానత్వం లేనిదే రాజకీయ ప్రజాస్వామ్యం నిలవదన్న ఆయన వాదన అప్పుడే స్పష్టమవుతుంది.