అరచేతిలో విన్న పాఠాలు



హెలెన్ కెల్లర్ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. పంతొమ్మిది నెలల పసిపాపగా ఉండగా జబ్బు చేసి చూపూ వినికిడీ రెండూ పోవడం, 1887లో యాన్ సలివన్ అనే టీచరు ఆ ఇంటికి రావడం, పంపు నీళ్ళకింద చెయ్యి పెట్టించి నీళ్ళు అనే మాట నేర్పడం, ఇదంతా మనకి తెలిసిందే. కథ చెప్పేవాళ్ళు చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ పిల్ల పెద్దదై కాలేజీకి వెళ్ళింది. అక్కడ ప్రొఫెసర్లు ఆవిడకి పాఠం ఎలా చెప్పారు? ఎలా చెప్పలేకపోయారు? నాకు మాత్రం అసలు ఆసక్తి అంతా అక్కడే ఉంది.

ముందుగా ఒక చిన్న సంగతి. చెవీ కన్నూ లేనివాళ్ళతో మాట్లాడడానికి వేళ్ళ అక్షరాలు ఉన్నాయి. ఒక్కో అక్షరానికి వేళ్ళు ఒక్కో తీరుగా ముడిచి అవతలివారి అరచేతిలో ఉంచాలి. వాళ్ళు తడిమి చదువుకుంటారు. నేర్చుకోవడం బ్రహ్మవిద్యేం కాదు, కానీ వేగం రావాలంటే అభ్యాసం కావాలి.

ఆ రోజుల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆడపిల్లల్ని చేర్చుకునేది కాదు. పక్కనే ఉన్న రాడ్‌క్లిఫ్ కాలేజీలో హార్వర్డ్ ప్రొఫెసర్లే వచ్చి ఆడపిల్లలకి పాఠాలు చెప్పేవారు. హెలెన్ అక్కడే చదువుతానని పట్టుబట్టింది. ప్రవేశ పరీక్షకి తయారవడానికి 1896లో కేంబ్రిడ్జిలో ఒక బాలికల స్కూల్లో చేరింది. అక్కడి టీచర్లలో వేళ్ళ అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు ప్రిన్సిపాలు గిల్మన్‌గారు, రెండోవారు జర్మన్ భాష చెప్పే గ్రోటె అనే ఆవిడ. గ్రోటెగారికి వేళ్ళు చురుగ్గా తిరిగేవి కావు. అయినా సలివన్‌కి కాస్త విశ్రాంతి దొరుకుతుందని, వారానికి రెండుసార్లు తనే కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పాఠం చెప్పేవారట. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆవిడే.

జామెట్రీ ఎలా నేర్చుకుందనుకున్నారు? నల్లబల్ల మీద గీసిన బొమ్మ ఆవిడకి కనబడదు కదా. ఒక దిండు తీసుకుని, వంచిన తీగలూ తిన్నని తీగలూ దానిమీద గుచ్చి, త్రిభుజాలూ వృత్తాలూ చేసుకునేది. సూదీదారంతో పనిచేసే మనకి ఆ ఉపాయం చప్పున అర్థమవుతుంది.

1897లో మొదటి విడత పరీక్షలు జరిగాయి. గిల్మన్‌గారు పక్కన కూర్చుని ప్రశ్నలు అరచేతిలో చెప్పారు, హెలెన్ టైపు మిషను మీద జవాబులు కొట్టింది. మిషను చప్పుడుకి మిగతావాళ్ళ ధ్యాస చెదురుతుందని ఆవిడకి విడిగా గది ఇచ్చారు. అన్నీ ప్యాసైంది. జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఆనర్సు కూడా వచ్చింది.

1899లో రెండో విడత వచ్చేసరికి పరిస్థితి మారింది. సలివన్ ప్రశ్నపత్రం చదివి చెప్పడానికి వీల్లేదన్నారు కాలేజీవారు. దాని బదులు ఒక ఉపాధ్యాయుడి చేత ప్రశ్నలు బ్రెయిలీ లిపిలో రాయించి ఇస్తామన్నారు. వినడానికి బాగానే ఉంది, కాదూ? చిక్కెక్కడంటే, అప్పట్లో అమెరికాలో బ్రెయిలీ ఒక్క తీరుగా లేదు. కథలూ వ్యాసాలూ ఏ పద్ధతిలో ఉన్నా హెలెన్ చదవగలదు. లెక్కల గుర్తులు మాత్రం ఒక్కో పద్ధతిలో ఒక్కో రకం. ఆవిడ ఆల్జీబ్రా నేర్చింది ఇంగ్లీషు పద్ధతిలో, ప్రశ్నపత్రం అమెరికన్ పద్ధతిలో. ఈ సంగతి పరీక్ష రెండు రోజులుందనగా బయటపడింది. గుర్తుల పట్టిక తెప్పించుకుని, పరీక్ష ముందురాత్రి బ్రాకెట్లతోనూ వర్గమూలాలతోనూ కుస్తీ పట్టింది. మన పిల్లవాడికి పరీక్ష రేపనగా కూడికకీ తీసివేతకీ కొత్త గుర్తులిచ్చి, వీటితో లెక్క చెయ్యమంటే మనం ఊరుకుంటామా? దానికితోడు గదిలో ఉన్న ఇద్దరూ ఆవిడకి కొత్తవాళ్ళు. తను టైపు చేసింది తను చూసుకునే వీలు లేదు.

ఆ పరీక్షా గట్టెక్కిందనుకోండి. కాలేజీవారు చెడ్డవాళ్ళని నేననను. అందరికీ ఒకే నియమం పెడితే అదే న్యాయమని వాళ్ళు నమ్మారు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే నలుగురికీ ఒకే కొలతకి చొక్కా కుట్టిస్తామా?

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్‌లో అడుగుపెట్టింది. ప్రొఫెసరు తన ధోరణిలో తను చెప్పుకుపోతుంటే, పక్కన కూర్చున్న సలివన్ ఆ మాటల్ని వీలైనంత వేగంగా అరచేతిలోకి అందించేది. చేతులతోనే వినే మనిషి, అదే చేతులతో నోట్సు రాసుకునేదెలా? ఇంటికొచ్చాక గుర్తున్నంత రాసుకునేది. కావలసిన పుస్తకాల్లో బ్రెయిలీలో దొరికినవి బహు తక్కువ. మిగతావన్నీ సలివన్ చదివి అరచేతిలో చెప్పాల్సిందే. ఆ సలివన్‌కి చిన్నప్పటినుంచీ కళ్ళు సరిగ్గా లేవు. చూపు మందగిస్తున్నా గంటల తరబడి చదివింది.

ప్రొఫెసర్లలో విలియం అలన్ నీల్సన్‌గారు వేళ్ళ అక్షరాలు నేర్చుకుని హెలెన్‌తో నేరుగా మాట్లాడారు. వ్యాసరచన చెప్పే చార్లెస్ టౌన్‌సెండ్ కోపలాండ్‌గారు ఇంకో రకంగా సాయం చేశారు. ఎవరో చూసిన రంగులూ ఎవరో విన్న పాటలూ కాదు, నీ అనుభవమే నువ్వు రాయమని ప్రోత్సహించారు. ఆ క్లాసు రాతల్లోంచే ఆవిడ ఆత్మకథ పుట్టింది. 1902లో లేడీస్ హోమ్ జర్నల్ అనే ఆడవాళ్ళ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1903లో పుస్తకమైంది. మొదట చదివింది మనలాంటి గృహిణులేనన్నమాట!

1904లో హెలెన్ ఆనర్సుతో బి.ఏ. పట్టా పుచ్చుకుంది. చూపూ వినికిడీ రెండూ లేనివారిలో ఆ పట్టా అందుకున్న మొదటి వ్యక్తి ఆవిడే. నాలుగేళ్ళూ ప్రతి క్లాసులో పక్కనే కూర్చున్న సలివన్‌కి పట్టా లేదు. 1932లో టెంపుల్ యూనివర్సిటీ ఆవిడకి గౌరవ పట్టా ఇచ్చింది. 1935కల్లా ఆవిడ చూపు పూర్తిగా పోయింది, మరుసటి ఏడాది కన్నుమూసింది.

మరి పక్కన సలివన్ లేని పిల్లల మాటేమిటి? కాలేజీలే ఆ బాధ్యత నెత్తిన వేసుకోవాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1948లో తిమోతీ న్యూజెంట్ అనే ఆయన చక్రాల కుర్చీల్లో ఉన్న విద్యార్థుల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు. అమెరికాలో చట్టం 1973లో వచ్చింది. మన దేశంలో 1995లో ఒకటి, దాని స్థానంలో మరింత విస్తృతంగా 2016లో ఇంకొకటి వచ్చాయి.

చట్టం ఉన్నా క్లాసులో పాఠం చెప్పేది మనిషే కదా. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన, పుట్టుకతోనే చూపులేని శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తరవాత సైన్సు చదువుతానంటే వీల్లేదన్నారు. బొమ్మలూ గ్రాఫులూ ఉంటాయి, చూపులేనివాళ్ళకి కుదరదన్నారు. దిండు మీద తీగల సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబోలు! అతను కోర్టుకెళ్ళి గెలిచాడు. ఒక టీచరుగారు అతని పాఠాలన్నీ చదివి రికార్డు చేసి ఇచ్చారు. హెలెన్‌కైతే సలివన్ కళ్ళు అలిసిపోతే చదువు ఆగేది. ఇతను కావలసినప్పుడు, కావలసినన్నిసార్లు వినొచ్చు. పన్నెండో తరగతిలో 98 శాతం మార్కులు వచ్చాయి. తరవాత అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది.