'పెనెన్స్', 'రిపెంటెన్స్': రెండు మాటల చరిత్ర

ఆంగ్లములోని 'పెనెన్స్', 'రిపెంటెన్స్' అను మాటలను మనలో అనేకులు ఒకే అర్థములో వాడుచున్నాము. రెండింటి మూలము లాటినే; అర్థములు మాత్రము వేరు. మొదటిది పాప పరిహారముగా చేయు ఉపవాసము, దానము వంటి క్రియ. రెండవది హృదయములో కలుగు మార్పు.

మత్తయి 3:2లోని గ్రీకు మాటకు మనస్సు మార్చుకొనుట అని భావము. లాటిను వల్గేటులోని మాట ఈ రెండు అర్థములకును తావిచ్చెను. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలు లాటినును అనుసరించి 'పెనెన్స్' అనెను. 1526లో విలియం టిండేల్ గ్రీకునుండి అనువదించి 'రిపెంట్' అని వ్రాసెను. 1529లో థామస్ మోర్ దీనిని తప్పుపట్టెను. రోమను సంఘము హృదయ పశ్చాత్తాపమును కాదనలేదు. అయితే ఈ మాట మారినయెడల యాజకుని యెదుట ఒప్పుకోలు, పరిహారక్రియ అను సంస్కారమునకున్న లేఖనాధారమే ప్రశ్నకు గురియగును. అందుచేతనే 1582లో వెలువడిన రీమ్స్ క్రొత్త నిబంధన 'డూ పెనెన్స్' అనియే నిలిపెను.

మన తెలుగు బైబిలులోని 'మారుమనస్సు' గ్రీకు భావమునకు దగ్గరగా ఉన్నది. కాబట్టి ఆంగ్ల గ్రంథములలోని 'పెనెన్స్'ను మారుమనస్సు అని తర్జుమా చేసి బోధించినయెడల, ఆ గ్రంథకర్త చెప్పనిదానిని సంఘమునకు చెప్పినవారమగుదుము.