పురుగు నుంచి పందెం దాకా: కంప్యూటర్ రక్షణ విద్యలో యంత్రాల పాత్ర

1988 నవంబర్ 2 సాయంత్రం కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ ఒక చిన్న ప్రోగ్రామును ఇంటర్నెట్‌లోకి వదిలాడు. అప్పటి ఇంటర్నెట్‌లో యంత్రాలు 60,000 ఉండవచ్చని, వాటిలో పదోవంతు ఈ ప్రోగ్రాము బారిన పడ్డాయని అంచనా. మోరిస్ వర్మ్ అన్న పేరు దానికే స్థిరపడింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి చాలా సామాన్యమైనది. ఫింగర్ సేవను నడిపే ప్రోగ్రాము 512 బైట్లు పట్టే చోటులోకి వచ్చిన అక్షరాలను ఎన్నో చూసుకోకుండా చదివేది. ఎక్కువైనవి పక్కకు పొర్లి, ప్రోగ్రాము తిరిగి వెళ్ళవలసిన చిరునామానే మార్చేసేవి. ఎమ్‌ఐటీ, బర్క్లీ, పర్డ్యూలలో పరిశోధకులు ఆ పురుగును ముక్కలు చేసి, యంత్రభాషను మనిషి చదవగలిగే రూపంలోకి తెచ్చి, ఈ సంగతి తేల్చారు. అమెరికాలో కంప్యూటర్ రక్షణ విద్యకు అసలైన మొదటి పాఠం అదేనని నా అభిప్రాయం. ఆ పాఠం తరగతి గదిలో జరగలేదు, నిద్ర లేని రాత్రుల్లో జరిగింది.

ఆ నెలలోనే డార్పా సంస్థ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే స్పందన కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి అప్పటికే ఆ ప్రాంగణంలో రోబోటిక్స్ సంస్థను నడుపుతున్నారు. 1970లలో ఆయన బృందం నిర్మించిన హియర్‌సే వ్యవస్థ మాటను గుర్తుపట్టడానికి వేర్వేరు జ్ఞానశాఖలను ఒకే నల్లబల్ల ముందు నిలబెట్టి, ఒకదాని ఊహను మరొకటి సరిదిద్దేలా చేసింది. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని ఆయన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో పంచుకున్నారు.

అదే ప్రాంగణంలో 1980లలో జాన్ ఆండర్సన్ బృందం లిస్ప్ భాషను నేర్పే యంత్ర బోధకుణ్ణి తయారుచేసింది. విద్యార్థి దారి తప్పినప్పుడు తప్పెక్కడో అది చూపేది, కాని ప్రోగ్రాము రాయవలసినది మాత్రం విద్యార్థే. నేటి భాషా నమూనాలు ఈ నియమాన్ని వాటంతట అవి పాటించవు. అడిగితే జవాబంతా రాసిచ్చేస్తాయి.

ఆ మాటకు మళ్ళీ వస్తాను. ముందు 2016 ఆగస్టు సంగతి చూద్దాం. లాస్ వేగస్‌లో డార్పా ఏడు యంత్రాల మధ్య పందెం పెట్టింది. మనిషి చెయ్యి పడకుండా అవి లోపాలను వెతకాలి, తమ ప్రోగ్రాములను బాగుచేసుకోవాలి, ఎదుటివారి వాటిపై దాడి చేయాలి. కార్నెగీ మెలన్ ఆచార్యుడు డేవిడ్ బ్రమ్లీ బృందపు మేహెమ్ గెలిచి 20 లక్షల డాలర్లు అందుకుంది. వెంటనే దాన్ని డెఫ్‌కాన్ పోటీలో మనుషుల మీదికి దించారు. పదిహేను జట్లలో చివరి స్థానమే దక్కింది. ఆ ఏడు గెలిచినది కార్నెగీ మెలన్ విద్యార్థుల జట్టే! ఆ విద్యార్థులూ బ్రమ్లీ కలిసి 2013 నుంచి హైస్కూలు పిల్లలకు పికోసీటీఎఫ్ అనే పోటీని ఉచితంగా నడుపుతున్నారు. ఎవరి యంత్రాన్నీ పాడుచేయకుండా, చట్టానికి లోబడి దాడిని అభ్యసించే చోటది. మోరిస్‌కు పడిన శిక్ష మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, పది వేల డాలర్లకు పైగా జరిమానా. వీసా మీద ఉన్నవారు ఈ పక్షాన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

వీసా మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఈ రంగంలో చదువుకు డబ్బిచ్చి ప్రభుత్వ కొలువులోకి తీసుకునే సైబర్‌కార్ప్స్ ఉపకారవేతనం 2001లో మొదలైంది. అది పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. మన విద్యార్థుల్లో ఎఫ్-1 మీద వచ్చినవారికి ఆ ద్వారం మూసే ఉంటుంది. వారికి మిగిలేది స్వయంకృషి. 2019లో జాతీయ భద్రతా సంస్థ ఘిడ్రా అనే ఉపకరణాన్ని ఉచితంగా విడుదల చేయడం ఇలాంటివారికి పెద్ద మేలు. యంత్రభాషను దాదాపు సీ భాషలోకి మార్చే సాధనాలు అంతకుముందు ఖరీదైనవి. ఇప్పుడు ఆ సీ భాషను మాటల్లో వివరించే నమూనాలూ వచ్చాయి.

ఇక్కడే చిక్కు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలో వెయ్యిమందికి దగ్గరగా హైస్కూలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, జీపీటీ-4 చేతిలో ఉన్నప్పుడు లెక్కల అభ్యాసంలో మార్కులు 48 శాతం పెరిగాయి. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివారికంటే 17 శాతం తగ్గాయి. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా మలచిన రూపాన్ని వాడినవారిలో ఆ నష్టం దాదాపు కనబడలేదు. ఆండర్సన్ పాత నియమమే నలభై ఏళ్ళ తరువాత మళ్ళీ గెలిచింది.

రక్షణ విద్యలో ఈ తేడా ఎలా కనిపిస్తుందో ఒక చిన్న ఉదాహరణ. 64 బైట్ల బఫరు ఉన్న ప్రోగ్రామును నమూనాకు చూపి, తిరుగు చిరునామా ఎంత దూరంలో ఉందని అడిగితే 64 అనవచ్చు. 64 బిట్ల ఇంటెల్ యంత్రంలో మధ్యన దాచిపెట్టిన ఫ్రేమ్ పాయింటరుకు మరో 8 బైట్లు పోతాయి. కనుక లెక్క 72 కావచ్చు. కంపైలరు ఖాళీ వదిలితే అదీ మారుతుంది. డీబగ్గరు తెరిచి తన కళ్ళతో కొలిచినవాడికే నిజం తెలుస్తుంది. ముందు తన అంచనా కాగితం మీద రాసుకుని, తరువాత నమూనాను అడిగి, చివరికి డీబగ్గరుతో ఇద్దరినీ పరీక్షించే విద్యార్థికి అది మంచి సహాధ్యాయి. కొలవనివారు ఏం చేస్తారో కర్ల్ ప్రాజెక్టు నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బెర్గ్ 2024 మొదట్లోనే రాశాడు. నమూనా అల్లిన, లేని లోపాలను నిజమన్నట్టు నివేదించి అతని సమయం తింటున్నారు.

అలాగని యంత్రాలను తీసిపారేయడానికి లేదు. 2025 ఆగస్టులో ముగిసిన డార్పా కొత్త పందెంలో భాషా నమూనాలతో పనిచేసే వ్యవస్థలు, నిర్వాహకులు కావాలని చొప్పించిన లోపాల్లో 54 పట్టుకుని 43 బాగుచేశాయి. ఎవరూ చొప్పించని అసలు లోపాలు మరో 18 బయటపడ్డాయి. టీమ్ అట్లాంటా 40 లక్షల డాలర్లు గెలిచింది. పోటీ వ్యవస్థల మూలసంకేతాన్ని బహిరంగంగా విడుదల చేశారు. పిట్స్‌బర్గ్‌లోనైనా కాటూరులోనైనా దాన్ని దింపుకుని, ఏ లోపాన్ని ఏ దారిన వెతికిందో, ఎక్కడ బోల్తాపడిందో వరసగా చదువుకోవచ్చు. 1988లో ఆ పురుగును చదివినట్టే.