సోకు పట్నానిది, చెయ్యి ఎవరిది?

పెండ్లి కుదిరిందంటే మా మోత్కూర్‌లో మొదట వినిపించే మాట ఒకటే: "పట్నం ఎప్పుడు పోతున్నరు?" పద్మశాలీల ఇంట్లోనైనా, గౌండ్లవారి ఇంట్లోనైనా, మా సాయిబుల ఇంట్లోనైనా ఈ మాట మారదు. భువనగిరి మీదుగా బస్సెక్కి పోవాలి. చార్మినార్ చుట్టూ పొద్దంతా తిరగాలి. బట్టలు, గాజులు, అత్తరు, చమ్కీలు సంచుల్లో నింపుకొని చీకటి పడ్డాక ఊరు చేరాలి. పట్నం పోకుండా పెండ్లి చేస్తే అది పెండ్లే కాదన్నట్టు ఉంటుంది మా వైపు.

హైదరాబాద్ సోకుల పట్నమని అందరికీ తెలుసు. ఆ సోకును ఎవరు చేశారన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. తెలుగులోనూ ఉర్దూలోనూ పత్రికల పని చేసిన మాకు ఈ లోటు రెండు వైపుల నుంచీ కనబడుతుంది. తెలుగు పత్రిక హైదరాబాద్ ఫ్యాషన్ గురించి రాస్తే నిజాం నగలు, బేగంల చీరలు, కొత్త మాల్స్. ఉర్దూ పత్రిక రాస్తే పాత తెహజీబ్, పోయిన నవాబీ జమానా. ఈ రెండింటి మధ్య గాజు వంచిన చెయ్యి, దూది ఏకిన చెయ్యి, గడ్డం గీసిన చెయ్యి, బట్ట కుట్టిన చెయ్యి జారిపోయాయి. మీరు నవాబుల వారసులు కదా అని మమ్మల్ని అడిగేవారికి మా జవాబు ఆ చేతుల్లోనే ఉంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌ను కట్టించినప్పుడే అది బజారు పట్నం. చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు, బాటల పొడుగునా దుకాణాలు. మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ బట్ట పర్షియాకు పోయింది, గోల్కొండ వజ్రం లోకమంతా తిరిగింది. చార్మినార్‌కు పడమట లాడ్ బజార్ అప్పటి నుంచీ ఆడవాళ్ల అలంకారానికి పెట్టింది పేరు.

ఆసఫ్‌జాహీల కాలంలో సోకు ఇంకో మెట్టెక్కింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం పురానీ హవేలీలో కట్టిన చెక్క వార్డ్‌రోబు హాలును ఇవాళ్టికీ జనం వింతగా చూస్తారు. ఆ నిజాం బట్టలు చూసుకునే కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ ఉండేవాడు. ఆయన పెట్టిన దుకాణం పేరే ఇప్పటి ఆబిడ్స్. దొర బట్టలు మడతపెట్టిన మనిషి పేరు ఒక పేటకే పేరైంది. ఆ బట్టలు కుట్టిన దర్జీ పేరు మీద కనీసం ఒక గల్లీ అయినా ఉందా? 1908లో మూసీ వరద పట్నాన్ని ముంచేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రాతి కమానులతో పత్తర్‌గట్టీ బజారు ఆ రోజుల్లో వచ్చిందే. రాయి మిగిలింది. రాతి కింద కూర్చొని పని చేసినవారి పేర్లు మిగల్లేదు.

లాడ్ బజార్ గాజు ఎట్లా పుడుతుందో కొనేవారిలో ఎంతమందికి తెలుసు? లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరచాలి. రంగు కలిపి కడ్డీలా సాగదీయాలి. వేడి తగ్గకముందే గుండ్రంగా వంచి కొసలు అతకాలి. కర్ర మీద తొడిగి కొలత సరిచేయాలి. ఆ తర్వాత అద్దం ముక్కలు, రాళ్లు ఒక్కొక్కటే లక్కలోకి అద్దాలి. లక్క చల్లారితే రాయి పట్టదు, వేడిగా ఉంటే వేలు కాలుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే పనివాడి బతుకంతా గడుస్తుంది. ఈ పనిలో ఎక్కువ భాగం పాతబస్తీ గల్లీల్లోని ఇరుకు గదుల్లో జరుగుతుంది. రాళ్లు అద్దే పని చాలా ఇళ్లలో ఆడవాళ్లదే. కూలి రోజుకు కాదు, చేసిన లెక్కకు. ముస్లిం పెండ్లికూతురు ఖడా దుపట్టా కింద వేసుకునేవీ ఆ గాజులే, హిందూ పెండ్లికూతురు పట్టుచీర మీద వేసుకునేవీ ఆ గాజులే.

ఇక పల్లెకు రండి. మా ఊళ్లలో దూది ఏకేవాడు దూదేకుల సాయిబు. వింటి నారి టంగుమంటే ఇంటికి పరుపు వచ్చినట్టే. అత్తరు సీసాల పెట్టె పట్టుకొని జాతర జాతరకూ తిరిగేవాడు అత్తరు సాయిబు. చిన్న దూది ఉండకు అత్తరు తడిపి చెవి మడతలో పెట్టేవాడు. ఆ వాసన మూడు రోజులు పోయేది కాదు. దగ్గొచ్చినా తలనొప్పి వచ్చినా ప్రతి ఇంట్లో వెతికే జిందా తిలిస్మాత్ 1920లో హైదరాబాద్‌లో ఒక యునానీ హకీం మొదలుపెట్టిందే. ఆయన ఫారూకీ పళ్లపొడితో పళ్లు తోమని తరం మా వైపు లేదు. కంపెనీల పౌడరు డబ్బాలు రాకముందు పల్లెకు పట్నం సోకు చేరింది ఇట్లాంటి సాయిబుల మోతతోనే.

భాషనే సాక్ష్యం అడుగుదాం. మగ్గం దగ్గర నిలబడితే వినిపించేవి తెలుగు మాటలు: పడుగు, పేక, ఆసు, కండె, నాడె. అదే బట్ట కుట్టు మిషను దగ్గరికి రాగానే ఆస్తర్, కాజా, నాడా, జేబు, గుండీ అవుతుంది. ఒకే బట్ట మగ్గం మీద ఉన్నంతసేపు తెలుగు మాట్లాడి, కత్తెర కిందికి వచ్చాక ఉర్దూ మాట్లాడుతుంది. నేసినవాడు ఒకడు, కుట్టినవాడు ఒకడు. ఇద్దరి మాటలూ కలిస్తేనే అంగీ అయింది. ఈ భాషను ఎక్కడ కోసి రెండు మతాలకు పంచుతారు?

ఇంకా పెద్ద సాక్ష్యం మా పొరుగునే ఉంది. పుట్టపాక తేలియా రుమాలు. చిటికి కట్టి రంగులద్దే ఈ విద్య చీరాల వైపు నుంచి 20వ శతాబ్దం తొలి భాగంలో నల్లగొండకు చేరింది. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. అందుకే ఆ పేరు, అందుకే ఆ వాసన. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసిన ఆ చదరపు గుడ్డ ఓడలెక్కి అరబ్ దేశాలకు పోయి అక్కడివారి తలపాగా అయింది. ముసల్మాను తల మీది గుడ్డను నేసింది మార్కండేయుని కొలిచే పద్మశాలి. పద్మశాలి బిడ్డ చేతికి గాజు చేసింది ముసల్మాను. ఎవరి బట్ట ఎవరిదని తూకం వేసేవారు ఈ రెండింటినీ ఏ తక్కెడలో పెడతారు?

1948 సెప్టెంబరు ఈ కథను మధ్యకు చీల్చింది. రజాకార్ల దౌర్జన్యాలకు నల్లగొండ పల్లెలు నలిగిన మాట నిజం. దాన్ని మేము దాచం. ఆ పాపంతో సంబంధం లేని పేద సాయిబుల మీద కూడా లెక్క తీర్చుకున్నారన్నది కూడా అంతే నిజం. పోలీసు చర్య వెంట చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మరాఠ్వాడా వైపు జిల్లాల్లోనే అది ఎక్కువ. ఆ నివేదిక అందరి చేతికీ అందడానికి 2013 దాకా పట్టింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అది జరగవలసిన పనే. కానీ జాగీరు పోయిన నవాబుకు ఇంకేదో మిగిలింది. ఆ నవాబు షేర్వానీ కుట్టిన దర్జీకి, జరీ పని చేసిన కార్ఖానాకు గిరాకీ పోయాక ఏమీ మిగల్లేదు.

షేర్వానీ కథ కూడా అంతే. నిజాం రాజ్యంలో అది ఉద్యోగి ఉడుపు. హిందూ వకీళ్లు, తహసీల్దార్లు, ఉస్మానియా చదువుకున్నవారు గుండీలన్నీ పెట్టుకొని గర్వంగా తొడిగారు. 1948 తర్వాత అదే బట్ట తుర్కోళ్ల బట్ట అయిపోయింది. ఇప్పుడు మళ్లీ ప్రతి పెండ్లికొడుకూ షేర్వానీ తొడిగి ఫొటో దిగుతున్నాడు. బట్టకు మాఫీ దొరికింది. కుట్టినవాడికే ఇంకా దొరకలేదు.

1990 డిసెంబరు అల్లర్లు పాతబస్తీని కర్ఫ్యూలోకి తోశాయి. లెక్కకు కూలి తెచ్చుకునే ఇంటికి కర్ఫ్యూ అంటే ఆ రోజు పొయ్యి వెలగకపోవడమే. మరుసటి ఏడు ఆర్థిక సంస్కరణలు వచ్చాయి. 1995లో మాదాపూర్‌లో నిఫ్ట్ ఫ్యాషన్ కాలేజీ మొదలైంది. పంజాగుట్ట, బంజారాహిల్స్ వైపు మాల్స్ లేచాయి. 2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన మొదటి దుకాణానికి హైదరాబాద్‌నే ఎంచుకుంది. పట్నం సోకు మూసీ దాటి పోయింది. సోకు చేసేవారి గల్లీ మాత్రం ఉన్నచోటే ఉంది.

భౌగోళిక గుర్తింపులు వచ్చాయి: పోచంపల్లి ఇకత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో, హైదరాబాద్ లక్క గాజులకు 2024లో. సంతోషమే. కానీ గుర్తింపు ఊరి పేరుకు, వస్తువు పేరుకు. పోచంపల్లి నమూనాను మిల్లు బట్ట మీద అచ్చుగుద్ది అమ్మేవారు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. కాగితం మీద పేరు పెరిగినంత మాత్రాన కూలి పెరగదు.

మాకు తెలిసి ఈ చేతుల పేర్లు వరుసగా కనిపించే ప్రభుత్వ కాగితం ఒకటుంది. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టం, దానితో వచ్చిన బీసీ–ఇ జాబితా. అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీలు, హజాములు అందులో ఉన్నారు. దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ–బీలో ఉన్నారు. వాసన పూసినవారు, బట్ట ఉతికినవారు, జుట్టు కత్తిరించినవారు, దూది ఏకినవారు. ఒక పట్నం అందంగా కనబడటానికి కావలసిన పనులన్నీ ఆ జాబితాలో దొరుకుతాయి. కోర్టు వాదనల్లో అది శాతాల లెక్క. మేము చదివితే మాత్రం అది మా చరిత్ర పుస్తకంలో మొదటి పేజీ.

అందుకే నవాబుల వారసత్వం మాకు అంటగట్టకండి. మాకు వచ్చిన ఆస్తి కాలిన వేళ్లు, వంగిన నడుములు, కొన్ని మాటలు, కొంచెం వాసన. మా వాటా అడగడానికి అవి చాలు. ఈసారి పెండ్లికి పట్నం పోయినప్పుడు లాడ్ బజార్‌లో ధర తెగేదాకా బేరమాడండి, తప్పులేదు. గాజులు తొడుక్కున్నాక ఒక్క మాట అడగండి: "భాయ్, ఈ రాళ్లు అద్దింది ఎవరు?" ఆ జవాబు ఒక గల్లీ పేరో, ఒక ఇంటి ఆడబిడ్డ పేరో అవుతుంది. చరిత్ర రాయడం అక్కడి నుంచి మొదలుపెడదాం.